వేడి చేసిందిలే... అని వదిలేయొద్దు!

పిల్లల మూత్రం రంగు మారితే బార్లీ నీళ్లు తాగించి ఊరుకునే ఇళ్లే ఎక్కువ. చాలాసార్లు అది సరిపోతుంది కూడా. కానీ కొందరు పిల్లల్లో ఆ రంగు వెనక కొద్దిరోజుల్లోనే రెండు కిడ్నీలనూ దెబ్బతీసే జబ్బు దాగి ఉంటుంది. అలాంటప్పుడు మందుల కన్నా ముందు కాపాడాల్సింది... కాలాన్ని!

పొద్దున లేచేసరికి పిల్లాడి కళ్లు ఉబ్బి ఉంటాయి. 'ఎక్కువసేపు పడుకున్నాడు కదా' అంటుంది అమ్మ. సాయంత్రానికి వాపు కాస్త తగ్గుతుంది కూడా. మర్నాడు మూత్రం డికాక్షన్ రంగులో వస్తుంది. 'ఎండలో తెగ ఆడాడు, వేడి చేసింది' అంటుంది నానమ్మ. అంతే... బార్లీ నీళ్లు, సబ్జా గింజలు, కొబ్బరి బోండాలు వరసగా వచ్చేస్తాయి. 'కామెర్లేమో, పసరు పోయించండి' అని పక్కింటివాళ్లు ఓ సలహా పడేస్తారు.

ఇవన్నీ ప్రేమతో చేసేవే. వాటిలో కొంత నిజమూ ఉంది. నీళ్లు తక్కువ తాగితే మూత్రం ముదురు పసుపు రంగులో రావడం మామూలే. నాలుగు గ్లాసులు తాగితే మళ్లీ తేటపడుతుంది. కానీ టీ రంగు, కోలా రంగు, మాంసం కడిగిన నీళ్ల రంగు... ఇవి వేడి చేస్తే వచ్చేవి కావు. మూత్రంలో రక్తం కలుస్తోందనడానికి గుర్తులు కావచ్చు. ఆ రంగుకు మొహం వాపు కూడా తోడైతే కిడ్నీలు ఇబ్బందిలో ఉన్నాయని అర్థం.

మన దగ్గర కిడ్నీ జబ్బు అనగానే శ్రీకాకుళం జిల్లా ఉద్దానం గుర్తొస్తుంది. అక్కడి జబ్బు పెద్దవాళ్లలో ఏళ్ల తరబడి చాపకింద నీరులా పాకుతుంది. పిల్లల్లో కనిపించే ఈ జబ్బు దారి వేరు. దీనికి ఏళ్లు అక్కర్లేదు. నిన్నమొన్నటి దాకా గెంతుతూ తిరిగిన పిల్లల కిడ్నీలను రోజుల్లో, వారాల్లో సగానికి సగం పనిచేయకుండా చేసేస్తుంది. వైద్యులు దీన్ని 'ర్యాపిడ్లీ ప్రోగ్రెసివ్ గ్లోమెరులో నెఫ్రైటిస్' అంటారు. పొడి అక్షరాల్లో ఆర్‌పీజీఎన్. శరవేగంగా ముదిరే కిడ్నీ వాపు అన్నమాట.

జల్లెడ చిరిగితే...

మన ఒక్కో కిడ్నీలో దాదాపు 10 లక్షల నెఫ్రాన్లుంటాయి. ఒక్కో నెఫ్రాన్ మొదట్లో సన్నటి రక్తనాళాలు దారపు ఉండలా చుట్టుకుని ఉంటాయి. దాని పేరే గ్లోమెరులస్. రక్తాన్ని వడకట్టే అసలైన జల్లెడ ఇదే. పెద్దవాళ్లలో ఈ జల్లెడలన్నీ కలిసి రోజుకు సుమారు 180 లీటర్ల ద్రవాన్ని వడకడతాయి. అందులో దాదాపు అంతా తిరిగి రక్తంలోకే వెళ్లిపోయి, చివరికి లీటరున్నర దాకా మూత్రంగా బయటికొస్తుంది.

ఇక్కడ గుర్తుంచుకోవాల్సిన సంగతొకటుంది. ఈ నెఫ్రాన్లన్నీ బిడ్డ తల్లి కడుపులో ఉండగానే తయారైపోతాయి. నెలలు నిండేసరికి ఆ పని ముగుస్తుంది. ఆ తర్వాత కొత్తవి పుట్టవు. చర్మం గీసుకుంటే మళ్లీ వస్తుంది, ఎముక విరిగితే అతుక్కుంటుంది. పోయిన నెఫ్రాన్ మాత్రం పోయినట్టే. ఏడేళ్ల పిల్లాడు పోగొట్టుకున్నది డెబ్భై ఏళ్లకూ తిరిగి రాదు.

ఆర్‌పీజీఎన్‌లో శరీరాన్ని కాపాడాల్సిన రోగనిరోధక శక్తే ఈ జల్లెడల మీద దాడిచేస్తుంది. ఆ దాడికి సన్నటి రక్తనాళాల గోడలు చిరుగుతాయి. వాటిలోంచి రక్తకణాలు, రక్తం గడ్డకట్టడానికి పనికొచ్చే పదార్థాలు బయటికి కారతాయి. గాయం చుట్టూ కణాలు గుంపుగా చేరి జల్లెడను ఒక పక్క నుంచి నొక్కేస్తాయి. మైక్రోస్కోపులో చూస్తే అవి అచ్చం నెలవంకల్లా కనిపిస్తాయి. అందుకే వాటిని 'క్రెసెంట్లు' అన్నారు. ఈ జబ్బులో సాధారణంగా సగానికి పైగా జల్లెడల్లో ఈ నెలవంకలు ఉంటాయి.

మొదట్లో ఈ నెలవంకలు మెత్తగా, కణాలతో నిండి ఉంటాయి. ఆ దశలో మందు పడితే కరిగే అవకాశం ఉంది. ఆలస్యమయ్యేకొద్దీ అవి నారలా గట్టిపడి మచ్చలుగా మారతాయి. ఇక ఏ మందూ వాటిని కరిగించలేదు. మెత్తటి నెలవంకకూ గట్టిపడిన మచ్చకూ మధ్య ఉండేది కొద్ది రోజులు, మహా అయితే కొద్ది వారాలు. 'వేడి చేసింది' అనుకుంటూ ఇంట్లో గడిపేసే కాలం సరిగ్గా ఇదే.

గొంతు నొప్పి నుంచి గజ్జి దాకా!

పిల్లల్లో గ్లోమెరులస్‌కు వాపు తెచ్చే కారణాల్లో బాగా తెలిసింది స్ట్రెప్టోకాకస్ అనే బ్యాక్టీరియా. ఇది గొంతునొప్పిగానో, చర్మం మీద చీము పొక్కులుగానో వస్తుంది. గజ్జి పట్టి గోకి గోకి పుండ్లు పడినచోట కూడా చేరుతుంది. గొంతునొప్పి వచ్చిన వారం, రెండు వారాలకు... చర్మం మీద పుండ్లయితే మూడు నుంచి ఆరు వారాలకు కిడ్నీల మీద ప్రభావం కనిపిస్తుంది. అప్పటికి పుండ్లు మానిపోయి ఉంటాయి. వాటికీ వీటికీ ముడిపెట్టాలన్న ఆలోచన ఎవరికీ రాదు.

భయపడాల్సిన పనిలేని మాట కూడా చెప్పుకోవాలి. స్ట్రెప్టోకాకస్ తర్వాత వచ్చే కిడ్నీ వాపు నూటికి తొంభైమందికి పైగా పిల్లల్లో పూర్తిగా తగ్గిపోతుంది. రక్తపోటు అదుపులో పెట్టి, ఉప్పూ నీళ్లూ తగ్గిస్తే కొద్దివారాల్లో కోలుకుంటారు. ఏ కొద్దిమందిలోనో అది తగ్గకపోగా శరవేగంగా ముదురుతుంది. ఆ కొద్దిమంది ఎవరన్నది పరీక్షల్లోనే తేలుతుంది. బయటి నుంచి చూస్తే ఇద్దరు పిల్లలూ మొదటిరోజు ఒకేలా ఉంటారు!

కారణం ఇదొక్కటే కాదు. కాళ్ల మీద, పిరుదుల మీద చేతికి తగిలేలా ఎర్రటి మచ్చలు, కీళ్ల నొప్పులు, కడుపునొప్పితో వచ్చే 'హెనాక్ షాన్లీన్ పర్ప్యూరా' అనే జబ్బుంది. ఇప్పుడు దాన్ని ఐజీఏ వాస్కులైటిస్ అంటున్నారు. మచ్చలు పోయిన కొన్ని వారాలకు కూడా ఇది కిడ్నీలను పట్టుకోవచ్చు. అందుకే ఆర్నెల్ల పాటు మూత్రపరీక్ష చేయిస్తూ ఉండమంటారు వైద్యులు. 'మచ్చలు తగ్గిపోయాయి కదా' అని మానేసేవాళ్లే ఎక్కువ. టీనేజీ ఆడపిల్లల్లో లూపస్ జబ్బు ఇలా కిడ్నీల మీదికి వస్తుంది. జ్వరం, కీళ్లనొప్పులు, బుగ్గల మీద సీతాకోకచిలుక రెక్కల్లా ఎర్రటి దద్దు దీని గుర్తులు. కిడ్నీలతో పాటు ఊపిరితిత్తులనూ పట్టి దగ్గులో రక్తం పడేలా చేసే జబ్బులు మరికొన్ని ఉన్నాయి. అవి పిల్లల్లో అరుదు, కానీ వస్తే అన్నింటికన్నా వేగం.

మన పిల్లల్లో ఎక్కువగా...

ఇంతే వేగంగా కిడ్నీలను దెబ్బతీసే చుట్టం లాంటి జబ్బు మరొకటుంది. దాని పేరు హీమోలిటిక్ యురీమిక్ సిండ్రోమ్. హెచ్‌యూఎస్ అంటారు. 1955లో స్విట్జర్లాండ్‌కు చెందిన గాసర్ అనే వైద్యుడు దీన్ని మొదట వర్ణించారు. కిడ్నీల్లోని సన్నటి రక్తనాళాల్లో చిన్న చిన్న గడ్డలు కడతాయి. వాటి మధ్య నుంచి దూరే ఎర్రకణాలు ముక్కలైపోతాయి. దాంతో పిల్లలు ఉన్నట్టుండి పాలిపోతారు, ప్లేట్‌లెట్లు పడిపోతాయి, మూత్రం తగ్గిపోతుంది.

పాశ్చాత్య దేశాల్లో దీనికి ఎక్కువగా కారణం కలుషిత ఆహారంతో వచ్చే ఒకరకం ఈ-కోలి బ్యాక్టీరియా. 1993లో అమెరికాలో సరిగ్గా ఉడకని హాంబర్గర్లు తిని 700 మందికి పైగా జబ్బుపడ్డారు. నలుగురు పిల్లలు చనిపోయారు. మన దేశంలో ఒకప్పుడు రక్త విరేచనాల తర్వాత ఇది ఎక్కువగా కనిపించేది. ఇప్పటి చిత్రం వేరు. శరీరంలో 'ఫ్యాక్టర్ హెచ్' అనే రక్షక ప్రొటీన్ ఉంటుంది. దానికి విరుద్ధంగా పిల్లల శరీరమే యాంటీబాడీలు తయారుచేసుకోవడం వల్ల వచ్చే హెచ్‌యూఎస్ మన పిల్లల్లో చాలా ఎక్కువని ఢిల్లీ ఎయిమ్స్ వైద్యుల పరిశోధనలు తేల్చాయి. మన దేశంలో హెచ్‌యూఎస్ బారినపడే పిల్లల్లో దాదాపు సగం మందిది ఈ రకమే. యూరప్ పిల్లల్లో ఇది ఇంత ఎక్కువగా ఉండదు.

ఇందులో మనకు పనికొచ్చే మంచి మాటా ఉంది. ఆ యాంటీబాడీలను రక్తపరీక్షతో కనిపెట్టొచ్చు. ప్లాస్మా మార్పిడి చేసి వాటిని తొలగించొచ్చు. మళ్లీ పుట్టకుండా మందులివ్వొచ్చు. అదీ త్వరగా మొదలుపెడితేనే!

కామెర్లా... కిడ్నీలా?

మూత్రం రంగు మారగానే కామెర్లనుకుని పసరు మందుకు పరుగులు తీయడం మన ఊళ్లలో మామూలు. చిన్న తేడా తెలిస్తే చాలు. కామెర్లలో మూత్రం ముదురు పసుపు రంగులో ఉంటుంది, కంటి తెల్లగుడ్డు పచ్చబడుతుంది. కిడ్నీ వాపులో తెల్లగుడ్డు తెల్లగానే ఉంటుంది, రెప్పలు ఉబ్బుతాయి.

మరో తికమక నెఫ్రోటిక్ సిండ్రోమ్‌తో. పిల్లల్లో ఇదే ఎక్కువగా కనిపిస్తుంది. ఒళ్లంతా వాపు, మూత్రంలో సబ్బునీళ్లలా నురగ ఉంటాయి. చాలామందిలో రంగు మారదు, కొద్దివారాల స్టెరాయిడ్ మాత్రలతో తగ్గుతుంది. 'పక్కింటి బాబుకూ ఇలాగే వాచింది, ఫలానా మాత్రలతో తగ్గింది' అని ఆ చీటీ తెచ్చుకుని వాడితే అసలు జబ్బు వెనకాల ముదిరిపోతుంది. వాపొకటే అయినా జబ్బు ఒకటి కాదు.

మరి తేడా తెలిసేదెలా? మొదటి మెట్టు మామూలు మూత్రపరీక్షే. ఖరీదైందేం కాదు, చిన్న ఊళ్లలోనూ చేస్తారు. అందులో ప్రొటీను, రక్తకణాలు ఉన్నాయో లేదో తెలిసిపోతుంది. రెండోది రక్తపోటు. 'చిన్నపిల్లలకు బీపీ ఏంటండీ?' అని నవ్వేస్తారు చాలామంది. కిడ్నీ వాపులో పిల్లలకు బీపీ బాగా పెరిగి తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం... చివరికి ఫిట్స్ కూడా రావొచ్చు. పిల్లల చేతికి సరిపోయే చిన్న పట్టీతోనే బీపీ చూడాలి.

మూడోది క్రియాటినిన్. ఇక్కడే ఓ పెద్ద పొరపాటు జరుగుతుంటుంది. చాలా ల్యాబ్ రిపోర్టుల్లో పక్కన అచ్చువేసేది పెద్దవాళ్ల లెక్క. అందులో 1.0 అంటే మామూలే. కానీ నాలుగేళ్ల పాపకు ఉండాల్సింది 0.3 నుంచి 0.5 మధ్య. అంతటి పాపకు 1.0 వచ్చిందంటే కిడ్నీలు అప్పటికే సగం దాకా పని మానేశాయని అర్థం. రిపోర్టు చూసి 'నార్మలే' అనుకుని ఇంటికెళ్లిపోవద్దు. పిల్లల డాక్టరుకు చూపించాలి. విలువ రెండు మూడు రోజుల్లోనే పెరిగిపోతుంటే ఇక ఆలోచించకుండా పిల్లల కిడ్నీ నిపుణులున్న పెద్దాస్పత్రికి వెళ్లాల్సిందే.

సూది అంటే భయం!

పెద్దాస్పత్రిలో వైద్యులు బయాప్సీ చేయాలనగానే సగం మంది తల్లిదండ్రులు వెనకాడతారు. 'కిడ్నీ కోస్తారట' అన్న భయం. కోయరు. ఆల్ట్రాసౌండ్‌లో చూస్తూ వీపు వైపు నుంచి సూదితో దారం పోగంత ముక్క తీస్తారు. నొప్పి తెలియకుండా మత్తు ఇస్తారు. రక్తం కారుతుందేమోనని ఓ రోజు పడుకోబెట్టి గమనిస్తారు. ఈ పద్ధతిని 1951లో డెన్మార్క్ వైద్యులు ఐవర్సెన్, బ్రున్ లోకానికి తెలియజెప్పారు. అంతకుముందు కిడ్నీలో ఏం జరుగుతోందో బతికున్న మనిషిలో చూసే తేలికైన దారే లేదు. 1827లో లండన్ వైద్యుడు రిచర్డ్ బ్రైట్ కిడ్నీ జబ్బులను వర్ణించే నాటికి ఉన్న పరీక్షల్లా... మూత్రాన్ని గరిటెలో పోసి కొవ్వొత్తి మంట మీద కాచి, తెల్లగా విరుగుతుందేమో చూడటమే!

ఇప్పుడా ముక్కలో నెలవంకలు ఎన్ని, మెత్తగా ఉన్నాయా గట్టిపడ్డాయా, దాడి చేస్తున్నదేమిటి... అన్నీ తెలుస్తాయి. ఏ మందు వాడాలో, ఎంత గట్టిగా వాడాలో ఆ ముక్కే చెబుతుంది. జబ్బు ముదిరే వేగం చూసి బయాప్సీ ఫలితం కోసం ఆగకుండానే వైద్యం మొదలుపెట్టడమూ ఉంటుంది.

వైద్యంలో మొదటిది సెలైన్‌లో కలిపి వరసగా కొన్ని రోజులు ఎక్కించే భారీ మోతాదు స్టెరాయిడ్. తర్వాత మాత్రలు. కారణాన్ని బట్టి సైక్లోఫాస్ఫమైడ్, రిటుక్సిమాబ్ లాంటి మందులు తోడవుతాయి. కొన్ని రకాల్లో ప్లాస్మా మార్పిడి చేస్తారు. అంటే రక్తంలోంచి దాడిచేసే యాంటీబాడీలున్న ద్రవాన్ని తీసేసి మంచిది ఎక్కించడం. 1976లో లండన్ హామర్‌స్మిత్ ఆస్పత్రి వైద్యులు ఈ తరహా జబ్బుకు దీన్ని వాడి చూపించారు. అంతకుముందు ఆ జబ్బు వచ్చినవాళ్లు కోలుకోవడం బహు అరుదు.

ఇవి బలమైన మందులు. మొహం గుండ్రంగా అవుతుంది, ఆకలి పెరుగుతుంది, ఇన్ఫెక్షన్లు త్వరగా సోకుతాయి. 'స్టెరాయిడ్లు మంచివి కావట' అని ఎవరో చెప్పారని మధ్యలో ఆపేయడం అన్నింటికన్నా ప్రమాదం. జబ్బు తిరగబెట్టడమే కాదు, ఉన్నట్టుండి ఆపితే ఒళ్లు తట్టుకోలేదు. తగ్గించాల్సింది వైద్యులే, మెట్టుమెట్టుగా.

డయాలసిస్ అంటే అంతా అయిపోయినట్టేనా?

కాదు. డయాలసిస్ మాట వినగానే కూలబడిపోయే తల్లిదండ్రులు ముందుగా తెలుసుకోవాల్సింది ఇదే. ఈ జబ్బుల్లో చాలాసార్లు డయాలసిస్ తాత్కాలిక సాయం. మందులు పనిచేసేదాకా, కిడ్నీలు తేరుకునేదాకా రక్తాన్ని శుభ్రం చేసిపెడుతుంది. కొన్ని వారాల తర్వాత డయాలసిస్ అవసరం తప్పిన పిల్లలెందరో ఉన్నారు. చంటిపిల్లలకు పొట్టలోకి ద్రవం పంపి తీసే పెరిటోనియల్ డయాలసిస్ చేస్తారు. ఎక్కువకాలం అవసరమైతే నేర్చుకుని ఇంట్లోనే చేయొచ్చు.

కొందరిలో కిడ్నీలు తేరుకోవు. అప్పుడు మార్పిడే మార్గం. 1994 నాటి అవయవ మార్పిడి చట్టం ప్రకారం అమ్మానాన్నలు ఇవ్వొచ్చు. 2011 సవరణతో తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలనూ దగ్గరి బంధువుల జాబితాలో చేర్చారు. ఇంట్లో ఇచ్చేవాళ్లు లేకపోతే 2013లో ఉమ్మడి రాష్ట్రంలో మొదలైన జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించుకోవచ్చు. రెండు రాష్ట్రాల్లోనూ అది నడుస్తోంది. ప్రభుత్వ ఆరోగ్య పథకాల్లో కిడ్నీ జబ్బులకు, డయాలసిస్‌కు చోటుంది. ఆస్పత్రిలో చేరినరోజే ఆ సంగతి అడగడం మంచిది.

ఇంట్లో చేయకూడనివి

కిడ్నీలు పనిచేయనప్పుడు తాగించిన నీళ్లు బయటికి పోవు. ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తాయి. 'ఎంత తాగితే అంత కడిగేస్తుంది' అనే మాట ఇక్కడ చెల్లదు. కొబ్బరినీళ్లలో, పండ్లరసాల్లో పొటాషియం ఎక్కువ. దాన్ని బయటికి పంపలేని పిల్లల్లో అది పెరిగి గుండె లయనే తప్పిస్తుంది. పల్లేరు కషాయాలు, పసర్లు, దుకాణంలో అడిగి తెచ్చే నొప్పి మాత్రలు అసలే వద్దు. ఉప్పు తగ్గించాలి. పచ్చళ్లు, అప్పడాలు, చిప్స్ పక్కన పెట్టాలి. ఎన్ని నీళ్లు తాగించాలో వైద్యులు కొలత చెబుతారు.

వెంటనే ఆస్పత్రికి వెళ్లాల్సినప్పుడు...

* మూత్రం టీ, కోలా, మాంసం కడిగిన నీళ్ల రంగులో వస్తుంటే
* పొద్దున్నే కళ్ల చుట్టూ వాపు, కాళ్ల వాపు ఉంటే
* మూత్రం బాగా తగ్గిపోతే. 20 కిలోల పిల్లలు రోజంతా కలిపి పావు లీటరు కూడా పోయకపోతే ప్రమాదమే
* తలనొప్పి, వాంతులు, చూపు మసకబారడం, ఫిట్స్, ఆయాసం ఉంటే
* విరేచనాలో, జ్వరమో వచ్చాక పిల్లలు హఠాత్తుగా పాలిపోయి నీరసపడితే
* గొంతునొప్పి, చర్మం పుండ్లు తగ్గిన కొన్ని వారాల్లో పైవాటిలో ఏది కనిపించినా

తగ్గాక కూడా...

కోలుకుని ఇంటికొచ్చిన పిల్లలు చూడ్డానికి అందరిలాగే ఉంటారు. బడికెళ్తారు, ఆడుకుంటారు. కానీ కొన్ని నెఫ్రాన్లు పోగా మిగిలినవి వాటి పని కూడా మోస్తుంటాయి. అందుకే ఏళ్ల తరబడి మూత్రపరీక్ష, బీపీ చూపించుకుంటూ ఉండాలి. టీకాలు ఎప్పుడు వేయించాలో అడిగి తెలుసుకోవాలి. పెద్దయ్యాక కూడా ఏ డాక్టరు దగ్గరికెళ్లినా 'చిన్నప్పుడు కిడ్నీ జబ్బు చేసింది' అని చెప్పడం నేర్పాలి. ఆ కాగితాలన్నీ ఓ ఫైల్లో భద్రంగా ఉంచాలి.

జపాన్‌లో 1974 నుంచి బడిపిల్లలందరికీ ఏటా మూత్రపరీక్ష చేస్తున్నారు. పైకి ఏ బాధా కనిపించని పిల్లల్లోనూ జబ్బును మొదట్లోనే పట్టుకోవడానికే ఆ ఏర్పాటు. మన బడుల్లో అది తప్పనిసరి కాదు. కాబట్టి ఇక్కడ ఆ పని అమ్మానాన్నల కళ్లే చేయాలి. మొహం వాచిందా, మూత్రం ఏ రంగులో ఉంది, ఎంత వస్తోంది... ఈ మూడూ చూసుకోవడానికి చదువు అక్కర్లేదు, డబ్బు అక్కర్లేదు. తేడా కనిపించినరోజే డాక్టరు దగ్గరికి వెళ్తే చాలు. మామూలు జబ్బే అయితే పోయేది ఒక పూట. కాకపోతే దక్కేది పిల్లల జీవితం!